క్షయకరణి గారి చిరునామా

రసాయన శాస్త్రంలో ఏ మాటకు ఏ అర్థమో తేల్చే తుది అధికారం పంజాగుట్టలోని ఒక పాత భవనం మూడో అంతస్తుకు ఉంది. ప్రపంచంలోని శాస్త్రజ్ఞులకు ఈ సంగతి ఇంకా తెలియదు. తెలిస్తే వాళ్లూ వచ్చి టోకెన్ తీసుకోవాల్సి వస్తుంది (టోకెన్లు పదిన్నరకు మొదలై పదీ ముప్పై అయిదుకు అయిపోతాయి).

ఆ అంతస్తులో ఉన్నది రంగులు, అద్దకాలు మరియు సంబంధిత తడిపనుల నియంత్రణ మండలి. నగరంలో చీరకు రంగు వేయాలన్నా, దుపట్టా చాయ మార్చాలన్నా మండలి అనుమతి ఉండాలి. మండలికి ఆస్తిపాస్తులు పెద్దగా లేవు గానీ, గర్వం మాత్రం ఒకటుంది. అది ఏజెంట్ రహిత కార్యాలయం. మెట్ల మలుపు మలుపుకీ ఆ మాట చెప్పే బోర్డులున్నాయి. మొదటి మలుపులో "ఏజెంట్లకు ప్రవేశం లేదు". రెండో మలుపులో "ఏజెంట్లను నమ్మి మోసపోకండి". మూడో మలుపులో "మీ పని మీరే చేసుకోండి" (ఈ చివరిదాన్ని సిబ్బంది అక్షరాలా పాటిస్తారు, ఎవరి సొంత పని వాళ్లు చేసుకుంటూ ఉంటారు). వీటన్నిటికంటే పెద్ద బోర్డు భవనం గేటు దగ్గర ఉంది. దాని కింద మొగిలయ్య అనే ఏజెంటు పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా నిలబడి ఉంటాడు. బోర్డు పెద్దది కాబట్టి నీడ బాగుంటుంది.

రాజనర్సు ఆ నీడలో ఎన్నడూ నిలబడలేదు. అదే ఆయన గొప్ప.

ఆయనది సిరిసిల్ల. తాత నేశాడు, తండ్రి నేశాడు, ఈయన మగ్గం వదిలి రంగుల్లోకి దిగాడు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక మ్యాచింగ్ సెంటర్ల వరస దాటి, సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డుల కింద తల వంచుకుని నడిస్తే వచ్చే సందులో శ్రీ మార్కండేయ డైయింగ్ అని ఆయన దుకాణం. లోపల రంగు నీళ్ల తొట్లు, అంటే గాబులు, మూడు. ఒకటి ఎరుపులకు, ఒకటి పసుపులకు, రెండో నంబరు గాబు మాత్రం నీలిమందుకు. ఆయన వేసిన నీలం ఎన్ని ఉతుకులకైనా దిగదని అమీర్‌పేట ఆడవాళ్లందరూ ఒప్పుకుంటారు. దిగనిది ఆయన వేళ్ల మీది నీలం కూడా. ఇరవై రెండేళ్లుగా లైసెన్సు రెన్యువల్ కోసం స్వయంగా వరుసలో నిలబడి, స్వయంగా సంతకం పెట్టి, స్వయంగా తిట్లు తిని వచ్చాడు తప్ప ఏజెంటు మొహం చూసిన పాపాన పోలేదు.

ఈ ఏడు మండలి వారు ఫారాన్ని సరళీకరించారు. పోయినేడాది రెండు పేజీలుండేది, సరళీకరించాక పదకొండయింది. నెలాఖరులోగా రెన్యువల్ కాకపోతే దుకాణానికి సీలు వేస్తామని నోటీసు కూడా జతచేశారు. విచిత్రమేమిటంటే అదే కవరులో, అదే సంతకంతో ఇంకో కాగితం ఉంది. రాబోయే ఏజెంట్ రహిత వారోత్సవాలకు మూడు వందల కండువాలు ముదురు నీలంలో అద్ది ఇవ్వవలసిందిగా శ్రీ మార్కండేయ డైయింగ్ వారికి ఆర్డరు.

ఫారం నింపింది కూతురు నిరోష. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఆ సందు చివరే ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతుంది. ఒక్క మార్కు తప్పు జవాబును కూడా వదలని మనిషి. అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

పద్నాలుగో కాలమ్ దగ్గర ఆమె పెన్ను ఆగింది. "ప్రక్రియలో పాల్గొను పదార్థము, దాని పాత్ర" అని ఉందక్కడ.

"ఏమడుగుతుండ్రు బిడ్డా?" అన్నాడు రాజనర్సు, గాబులోంచి చీర పైకి లాగుతూ.

"హైడ్రోస్, అదే నీ తెల్లమందు, ఎందుకేస్తవో రాయాలంట బాపూ."

"రాయి మరి. మనం దాచేటిది ఏమున్నది?"

నిరోష రాసింది. హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్), పాత్ర రెడ్యూసింగ్ ఏజెంట్. రాశాక పాఠం చెప్పే అలవాటు కొద్దీ తండ్రికీ చెప్పింది. "నీలిమందు ఉత్త నీళ్లల్ల కరగదు గదా. దాన్ని ఎవరన్న జర తగ్గించాలె. గట్ల తగ్గించేదాన్నే రెడ్యూసింగ్ ఏజెంట్ అంటరు. తగ్గినంక నీలిమందు పచ్చగయ్యి బట్టకు పడుతది. బయటికి తీస్తే గాలి తగిలి మళ్ల నీలమైతది."

ఆయన చేతిలోని చీర అప్పటికే పసుపుపచ్చ నుంచి ఆకుపచ్చలోకి, ఆకుపచ్చ నుంచి నీలంలోకి మారుతోంది. "ఇరవై రెండేండ్ల సంది చేస్తున్న, నాకు ఎరుక లేదా? పేరొక్కటే కొత్త," అన్నాడు.

"ఇంకో సంగతి బాపూ. ఎదుటిదాన్ని తగ్గించేటందుకు అది తన దగ్గర ఉన్నది ఇచ్చుకుంటది. పనయ్యేసరికి అదే ఖర్చయిపోతది."

"పాపం," అన్నాడు రాజనర్సు మనస్ఫూర్తిగా. హైడ్రోస్ డబ్బా మీద ఆయనకు గౌరవం పెరిగింది.

మర్నాడు ఫోనుకు సందేశం వచ్చింది. "మీ దరఖాస్తులో ఏజెంట్ ఉన్నట్లు గుర్తించడమైనది. దరఖాస్తు నిలిపివేయడమైనది. స్వయంగా హాజరు కాగలరు."

రాజనర్సు దాన్ని రెండుసార్లు చదివాడు. ఏజెంట్! తనకు! సంచీలో ఫారం పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని పంజాగుట్ట పోయాడు. మూడో అంతస్తులో వాళ్లను పదపరిశీలనాధికారి వంశీధర్ దగ్గరికి పంపారు. దరఖాస్తుల్లోని మాటలను అనుమానించడం ఆయన ఉద్యోగం. ఆయనది కోస్తా వైపు, మాట చాలా మర్యాద. మర్యాదగా చెప్పడం వల్ల 'కాదు' అన్నది కూడా కాసేపటిదాకా 'అవును' లాగే వినిపిస్తుంది.

"రండి రాజనర్సు గారూ, కూర్చోండి. ఏంటండీ ఇది? ఇరవై రెండేళ్ల రికార్డు మీది, ఒక్క మచ్చ లేదు. ఈ వయసులో ఏజెంటేంటండీ?"

"నాకు ఏ ఏజెంట్ లేడు సారూ. దేవుని మీద ఒట్టు. నేనే లైన్ల నిలవడ్డ."

"మీరే రాశారు గదండీ, రెడ్యూసింగ్ ఏజెంటని. ఏం తగ్గిస్తాడు ఈయన? ఫీజా, జరిమానాయా?"

"అది మనిషి కాదు సార్," అంది నిరోష. "నీలిమందును తగ్గించే కెమికల్."

"సరేనమ్మా, ఆయన్ని ఏ పేరుతో పిలుస్తారు?"

"సోడియం హైడ్రోసల్ఫైట్."

వంశీధర్ కాగితం మీద రాసుకుంటూ తలెత్తాడు. "ఇంటిపేరు సోడియమా?"

వంశీధర్ అనుబంధ పత్రం తీశాడు. దాని ప్రకారం ఏజెంటు పేరు, తండ్రి పేరు, చిరునామా, ఆధార్ నంబరు, రెండు ఫొటోలు (చెవులు కనబడాలి) ఇస్తే, ఆ ఏజెంటును ఎందుకు నిషేధించకూడదో సంజాయిషీ కోరుతారు. ఇవ్వకపోతే దరఖాస్తుదారుణ్ణే కోరుతారు.

"పోనీ, ఒక్కడేనా ఏజెంటు?" అని అడిగాడు, అడగాలి కాబట్టి.

రాజనర్సు కూతురి చెయ్యి గిల్లాడు. కానీ సగం జవాబు ఇచ్చి ఊరుకోవడం ఆమె వల్ల కాదు. "నిజం చెప్పాలంటే ఇద్దరు సార్. ఆక్సిడైజింగ్ ఏజెంట్ సుత ఉన్నది. బట్టను మళ్ల నీలం చేసే, గాలిల ఉండే ఆక్సిజన్."

"ఎక్కడుంటాడండీ ఈ రెండో ఆయన?"

"అంతట ఉంటది సార్. ఇప్పుడు ఈ రూంల సుత ఉన్నది."

వంశీధర్ కలం పక్కన పెట్టాడు. గది నాలుగు మూలలా చూశాడు. గొంతు తగ్గించి, "అన్ని బోర్డులుండగా లోపలికెలా వచ్చాడు?" అన్నాడు. తరువాత తానే లేచి కిటికీ మూశాడు. ఆ సాయంత్రమే సర్క్యులర్ వెలువడింది. తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు మూడో అంతస్తు కిటికీలు తెరవరాదు, ఫ్యాన్లు వేయరాదు. (ఇద్దరు గుమాస్తాలకు మధ్యాహ్నానికే కళ్లు తిరిగాయి. ఏజెంట్ల వ్యవస్థకు అలవాటు పడినవారికి మొదట్లో అలాగే ఉంటుందని పై అధికారి నోట్ రాశారు.)

పోయేముందు వంశీధర్ ఒక దారి చూపించాడు. నిజంగా మంచి మనసుతోనే చూపించాడు. "ఇంగ్లీషు మాటలతోనే ఈ గొడవంతానండీ. చక్కగా తెలుగులో రాయండి. తెలుగులో ఏజెంటు అన్న మాటే లేదు."

నిరోష ఇంటర్ తెలుగు మీడియం పుస్తకం తెప్పించింది. అందులో రెడ్యూసింగ్ ఏజెంటుకు 'క్షయకరణి' అని ఉంది. ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. పొట్టిగా, శాస్త్రీయంగా, ఏజెంటు వాసన లేకుండా ఉంది. కొత్త ఫారంలో గుండ్రటి అక్షరాలతో రాసింది. హైడ్రోస్, పాత్ర క్షయకరణి.

మూడు రోజుల తర్వాత సందేశం వచ్చింది. "మీ యూనిట్‌లో క్షయ వ్యాధి కలిగించు పదార్థము వాడుచున్నట్లు మీరే అంగీకరించియున్నారు. యూనిట్‌లోని అందరి ఎక్స్‌రేలు, తెమడ పరీక్ష నివేదికలు సమర్పించగలరు."

రాజనర్సు ఫోను కేసి చూసి నెత్తి గోక్కున్నాడు. "క్షయ అంటే దగ్గు రోగం గాదా? గదెందుకు రాసినవ్ బిడ్డా?"

"క్షయం అంటే తగ్గుడు బాపూ! పుస్తకంల ఉన్నది!"

"తగ్గుడు మంచిగనే ఉన్నది గని, దగ్గు అయిపాయె."

నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. వాదిస్తే రోజులు పోతాయి, ఎక్స్‌రే తీస్తే గంటలో అయిపోతుంది. తండ్రీ కూతుళ్లు ఇద్దరూ తీయించుకున్నారు. ఛాతీలు అద్దాల్లా ఉన్నాయి. వాటిని పట్టుకుపోతే వంశీధర్ వెలుతురుకు పెట్టి చూసి, చాలా సంతోషించి, "మీకేం లేదండీ, దేవుడి దయ. గాబుకు తీయించారా?" అన్నాడు.

"గాబుకా?"

"క్షయకరణి ఉండేది గాబులో గదండీ."

గాబుకు ఎక్స్‌రే తీయడానికి నగరంలో ఎవరూ ఒప్పుకోలేదు. పడుకోబెట్టలేమన్నారు. తెమడ పరీక్షకు మాత్రం దారి దొరికింది. నిరోష పళ్లు కొరుక్కుంటూ రెండో నంబరు గాబు మీది నురగను సీసాలో పట్టి ఒక ల్యాబుకు పంపింది. మర్నాడు నివేదిక వచ్చింది. రోగి పేరు: గాబు నం. 2. వయసు: ఇరవై రెండు. క్షయ: లేదు. కింద డాక్టరు చేతిరాతతో ఒక సలహా ఉంది: "రోగి పూర్తిగా నీలంగా మారియున్నారు. జాప్యం చేయక ఆసుపత్రిలో చేర్చగలరు."

మండలి ఆ నివేదికను దరఖాస్తుకు జతచేసి, రోగి కోలుకున్నట్లు ధ్రువపత్రం తెమ్మంది.

అప్పుడు రాజనర్సుకు కోపం వచ్చింది. ఇంగ్లీషు వద్దు, పుస్తకాల తెలుగు వద్దు, తన తాత ముత్తాతలు పలికిన మాట తానే రాస్తానన్నాడు. మూడో ఫారం ఆయనే నింపాడు. పద్నాలుగో కాలమ్‌లో కష్టపడి ఇలా రాశాడు: "నీలిమందు ఒక పాలు, తెల్లమందు రెండు పాళ్లు. పొద్దుగాల్ల కలుపుత."

ఆ ఫారాన్ని మండలి వారు మద్యనిషేధ, మద్యప్రోత్సాహక శాఖకు పంపారు (రెండూ ఒకే శాఖ, బల్లలు వేరు). రెండు రకాల మందు కలిపి పొద్దున్నే ఎవరికి పోస్తున్నారో వివరణ ఇవ్వాలని అక్కడినుంచి తాఖీదు వచ్చింది.

నెలాఖరుకు ఒక్కరోజు మిగిలింది.

దుకాణం మూలలో మూడు వందల కండువాలు తెల్లగా, కట్ట విప్పకుండా పడి ఉన్నాయి. అనుమతి తేలేవరకు గాబు ముట్టరాదని మధ్యలో ఒక ఉత్తర్వు వచ్చింది కాబట్టి నీలిమందు గాలికి తేరి అడుక్కి దిగిపోయింది. పైన నీళ్లు పలచగా, రోగిష్ఠిలా ఉన్నాయి. రాజనర్సు కర్ర పెట్టి ఒకసారి కలిపి వదిలేశాడు. రేపు సీలు పడితే ఈ గాబు మళ్లీ ఎప్పుడు కలుపుతాడో తెలియదు. ఆయన చేతకానివాడు కాదు, దొంగ కాదు, బద్ధకస్థుడు కాదు. అయినా సిగ్గుతో మొహం కాలిపోయింది.

పంజాగుట్టలో ఆటో దిగి గేటు దాకా నడిచాడు. ఈసారి మెట్ల వైపు పోలేదు. పెద్ద బోర్డు కింద నీడలో ఆగాడు.

మొగిలయ్య ఆయన్ని చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "రా నర్సన్నా. ఇరవై రెండేండ్ల సంది నువ్వు నా ముంగటికెల్లి పోతుంటవు. ఎప్పుడన్న ఒకసారి ఆగుతడు గదా అనుకున్న."

"నేను ఏం తప్పు చెయ్యలే మొగిలన్నా. ఉన్నదున్నట్టు రాసిన."

"గదే తప్పు," అన్నాడు మొగిలయ్య ఓదార్పుగా. "ఫికర్ చెయ్యకు. ఏ కాలమ్ కాడ ఆగింది?"

రాజనర్సు చెప్పబోయాడు. నీలిమందు కరగదని, దాన్ని తగ్గించాలని, గాలి తగిలితే మళ్లీ నీలమవుతుందని. మొగిలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"గవన్ని నాకెందుకన్నా? నువ్వు చెప్తే నాకు తెలుస్తది. నాకు తెలిస్తే రాయబుద్ధయితది. రాస్తే ఖతం. కాలమ్ నంబర్ చెప్పు చాలు."

"పద్నాలుగు."

మొగిలయ్య కొత్త ఫారం తీసి, బోర్డుకే ఆనించి, నింపి, సంతకం పెట్టించుకుని లోపలికి పోయాడు. లిఫ్టులో పోయాడు. ఆ లిఫ్టు అధికారులకు, ఫైళ్లకు మాత్రమే. లిఫ్టు నడిపే ఆయన ఈయన్ని ఏ కోవలో వేశాడో మరి. రాజనర్సు ఇరానీ చాయ్ ఒకటి తెప్పించుకున్నాడు. అది చల్లారకముందే మొగిలయ్య తిరిగొచ్చాడు, చేతిలో లైసెన్సుతో.

రాజనర్సు దానికి జతచేసిన ఫారం పేజీలు తిప్పాడు. పద్నాలుగో కాలమ్‌లో, ప్రక్రియలో పాల్గొను పదార్థము, దాని పాత్ర అన్నచోట, ఒకే మాట ఉంది. "వర్తించదు."

పక్కన వంశీధర్ చేతిరాతతో పచ్చ ఇంకులో ఒక వ్యాఖ్య. "సమగ్రముగా ఉన్నది."

లైసెన్సు అడుగున ముద్ర ఉంది. "ఏజెంట్ ప్రమేయం లేకుండా జారీ చేయడమైనది."

"నీకేం ఇయ్యాలె మొగిలన్నా?"

"గవన్ని తర్వాత. ఇప్పుడైతే ఒక కండువా కావాలె. మంచి నీలం. దిగొద్దు."

ఆ మధ్యాహ్నం గాబులో మళ్లీ హైడ్రోస్ పడింది. మురికి నీలం మెల్లగా పచ్చబడింది. చట్టప్రకారం ఇప్పుడు ఆ గాబులో ఏ పదార్థమూ లేదు, దానికి ఏ పాత్రా లేదు. అయినా మొదటి కండువా బయటికి తీయగానే ఎప్పటిలాగే నీలమైంది. నిరోష లైసెన్సు చూసి, ముద్ర చూసి, తండ్రి మొహం చూసింది. తిట్టాలనుకున్నది మానుకుంది.

"ఇన్నేండ్లల్ల ఎవ్వని కాడికి పోలే. ఇయ్యాల పోయిన బిడ్డా," అన్నాడు ఆయనే. "మనసుకు మస్తు కష్టమైంది."

"మొగిలయ్య సుత రెడ్యూసింగ్ ఏజెంటే బాపూ. నిన్ను తగ్గించిండు."

"గని నువ్వు చెప్పిన పాఠం తప్పు బిడ్డా. పనయ్యేసరికి ఏజెంటే ఖర్చయితది అన్నవ్. ఆయన మంచిగనే ఉన్నడు. ఖర్చయింది నేనే."

నిరోష ఇంటర్ పుస్తకం తీసి వెతికింది. అలాంటి రెడ్యూసింగ్ ఏజెంటు అందులో లేడు.

వారోత్సవాలు ఘనంగా జరిగాయి. మూడు వందల నీలి కండువాలు మెడల్లో వేసుకుని మండలి వారు మెట్ల మీద నిలబడి ప్రతిజ్ఞ చేశారు. ఏర్పాట్లన్నీ, షామియానా నుంచి సమోసాల దాకా, మొగిలయ్యే చూశాడు. ఆయన కండువా అందరికంటే ముదురుగా ఉంది, రాజనర్సు దాన్ని ప్రత్యేకంగా రెండుసార్లు ముంచాడు. వంశీధర్ వేదిక మీద మాట్లాడుతూ, ఈ ఏడాది ఒక చిన్న రంగుల దుకాణం తనలోని ఇద్దరు ఏజెంట్లనూ తొలగించుకుని నగరానికి ఆదర్శంగా నిలిచిందని, పేరు చెప్పకుండా, ప్రశంసించాడు. జనం చప్పట్లు కొట్టారు. రాజనర్సు నీలం చేతుల్ని వెనక దాచుకున్నాడు.

మర్నాడు ఫోనుకు సందేశం వచ్చింది. "మీ పని ఏజెంట్ లేకుండా జరిగినదని ధ్రువీకరించుటకు ఒకటి నొక్కండి." రెండు అనే అంకె ఆ సందేశంలో లేదు.

ఒకటి నొక్కడానికి రాజనర్సుకు వేలు రాలేదు. లైసెన్సు తెచ్చుకున్నాడు, ముద్ర చూసి ఊరుకున్నాడు, చప్పట్లు విన్నాడు. ఇది మాత్రం తన వేలితో తాను చెప్పే అబద్ధం. రెండు రోజులు ఫోను గల్లాపెట్టెలో పెట్టి మూశాడు. రెండో సందేశం వచ్చింది, ధ్రువీకరించనిచో లైసెన్సు రద్దగునని. ఆయన నొక్కలేదు. చీరలు ముంచుతూ, తీస్తూ, ఆ పెట్టె వంక చూస్తూ ఇంకో రోజు గడిపాడు.

మూడో సందేశం పొద్దున పదింటికి వచ్చింది. నిరోష చదివి వినిపించింది.

"ఇది ఆఖరి అవకాశము. ఒకటి నొక్కుటలో ఇబ్బంది ఉన్నవారు భవనం గేటు వద్ద, పెద్ద బోర్డు కింద, మొగిలయ్యను సంప్రదించగలరు."